గేటు దాటిన ఒక్క రోజు

డిసెంబరు వచ్చిందంటే మన జిల్లాల్లోని వృద్ధాశ్రమాలకు తీరిక ఉండదు. ఒక సంఘం దుప్పట్లు తెస్తుంది, ఇంకొకటి కేకు తెస్తుంది, మరొకటి బిర్యానీ పొట్లాలు తెస్తుంది. ఒకే వారంలో మూడు దుప్పట్లు అందుకున్న అవ్వలను మేము చూశాం. సంక్రాంతి నాటికి ఆ సందడి సద్దుమణుగుతుంది. ఆ తరువాత ఆశ్రమం గేటు తీసేది పాలవాడికి, గ్యాసు బండికి, అప్పుడప్పుడు అంబులెన్సుకి మాత్రమే.

అందుకే కొన్ని సంఘాల యవనస్థులు పంచిపెట్టే కార్యక్రమాలు తగ్గించుకుని, ఆశ్రమంలోని పెద్దలను ఒక రోజు బయటికి తీసుకువెళ్తున్నారని విని సంతోషించాం. దుప్పటి ఇచ్చి రావడానికి అరగంట చాలు. ఒక ముసలి చేతిని పట్టుకుని బస్సు ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించడానికి రోజంతా కావాలి. అయితే ఇలాంటి ఒక ప్రయాణాన్ని ఈ మధ్య దగ్గర నుండి చూశాం. అందులో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, సంఘంగా కూర్చుని మాట్లాడుకోవలసినవీ ఉన్నాయి.

గోదావరి ప్రాంతంలోని ఒక సంఘం అది. ఇరవై మంది యవనస్థులు, పద్నాలుగు మంది పెద్దలు. శనివారం నాడు ఒక బడి బస్సు మాట్లాడుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ మ్యూజియం, గోదావరి ఒడ్డున భోజనం, పాటలు, సాయంత్రం ఐదుకల్లా తిరిగి రావడం. కాగితం మీద అంతా చక్కగా ఉంది.

మొదటి చిక్కు బస్సు మెట్టు దగ్గరే వచ్చింది. పిల్లలు ఎగిరి ఎక్కే ఆ మెట్టు ఎనభై ఏళ్ల మనిషికి మోకాలి ఎత్తు. పద్నాలుగు మందిని ఎక్కించడానికే ముప్పావుగంట పట్టింది. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. ఎందరో తల్లులకు అది మేలు చేసింది, కాదనలేం. కానీ టికెట్టు లేకపోయినా మెట్టు మాత్రం ఉంది. ఆ మెట్టు ఎక్కలేని తల్లికి ఉచిత ప్రయాణం పేపర్లో చదువుకునే వార్తే. రైళ్ల సంగతి సరేసరి. వృద్ధులైన పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆపారు. కరోనా పోయింది, రాయితీ తిరిగి రాలేదు.

రెండో చిక్కు పదకొండు గంటలకు బయటపడింది. ఒక అవ్వ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. జట్టులో నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి ఉండబట్టి సరిపోయింది. నీడలోకి తీసుకువెళ్లి, ఓఆర్‌ఎస్ కలిపి కొంచెం కొంచెంగా తాగించి విషయం అడిగింది. ఆ అవ్వ ముందు రోజు రాత్రి నుండి చుక్క నీళ్లు తాగలేదట. “దారిలో ఎక్కడికి వెళ్లను తల్లీ? మీరంతా కుర్రవాళ్లు, మిమ్మల్ని అడగడానికి సిగ్గేసింది” అంది. ఆరా తీస్తే ఇంకో నలుగురు కూడా అలాగే ఎండిన గొంతుతో బస్సెక్కారని తేలింది.

పాటల పుస్తకాలు, మైకు, బ్యానరు అన్నీ సర్దుకున్న ఆ పిల్లలకు మరుగుదొడ్డి సంగతి తట్టలేదు. వారిని తప్పు పట్టడం లేదు. ఇరవై ఏళ్ల వయసులో మనకూ తట్టేది కాదు. తట్టవలసింది సంఘపెద్దలకు. ఆ దారి పొడవునా అరడజను దేవాలయాలున్నాయి. వాటిలో ఎన్నింటిలో కుర్చీలా కూర్చునే కమోడు ఉంది? ఎన్నింటికి మెట్ల పక్కన ర్యాంపు ఉంది? శిఖరం మీద శిలువ ఎంత ఎత్తున కనబడాలో ఆలోచించి కట్టాం గానీ, కర్ర పట్టుకుని వచ్చే విశ్వాసి లోపలికి ఎలా వస్తాడో ఆలోచించామా? బస్సు మెట్టు గురించి ప్రభుత్వాన్ని అడిగే ముందు మన గుమ్మం వైపు కూడా ఒకసారి చూసుకోవాలి.

మంచి జరిగిన చోట అనుకోకుండా జరిగింది. మ్యూజియంలో పెద్దలు ఎక్కువసేపు నిలబడలేకపోయారు. ఒడ్డున చెట్టు కింద కూర్చోబెట్టారు. వారిలో ఒక తాతగారు కాలువల మీద లస్కరుగా పనిచేసి రిటైరయిన మనిషి. ఆశ్రమంలో ఆయన నోరు విప్పడం అరుదని అక్కడి ఆయా చెప్పింది. నీళ్లు కనబడగానే మొదలుపెట్టారు. లాకుల్లో పడవ ఎలా పైకి లేచేదో, ఎలా దిగేదో, ఎండాకాలంలో కాలువలు కట్టేశాక మరమ్మతులు ఎలా చేసేవారో, వంతు నీటి కోసం రాత్రిళ్లు రైతులు ఎలా కొట్టుకునేవారో చెప్పుకుంటూ పోయారు. 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి బడిలో నాలుగు ముక్కలు చదివి మరిచిపోయిన పిల్లలు ఆయన చుట్టూ చేరారు. కార్యక్రమంలో రాసుకున్న పాటలు ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దలకు కాలక్షేపం కల్పించడానికి వెళ్లినవారు గంటన్నరసేపు విద్యార్థులయ్యారు. ఈ ప్రయాణాలు కొనసాగాలని మేము గట్టిగా కోరడానికి ఆ గంటన్నరే కారణం.

ఫోటోల మాట కూడా చెప్పాలి. మధ్యాహ్నానికే చాలామంది స్టేటస్‌లలో అవ్వల ముఖాలు వచ్చేశాయి. ఆశ్రమంలో ఉన్న ప్రతి మనిషీ తాను అక్కడున్నట్టు ఊరందరికీ తెలియాలని కోరుకోరు. పట్నంలో కూతురి దగ్గర ఉంటున్నానని బంధువులకు చెప్పుకున్న తల్లులు ఉంటారు. ఒక్క ఫోటోతో ఆ మాట అబద్ధమైపోతుంది. ఆమెకు మిగిలిన కాస్త పరువు మన ఫోనులో పోకూడదు. అడిగి తీయాలి, వద్దంటే మానాలి. దానికి పెద్ద చర్చ అక్కరలేదు.

ఇక అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి. తిరుగు ప్రయాణంలో ఒక అవ్వ డ్రైవరు వెనకాలికి వచ్చి, “బాబూ, ఈ మలుపు తిరిగితే మా ఊరు, ఒక్కసారి మా వీధిలోంచి పోనివ్వవా, దిగను కూడా దిగను” అని అడిగింది. రోడ్డు నుండి నాలుగు కిలోమీటర్లు. జట్టు నాయకుడు ఆశ్రమం మేనేజరుకు ఫోను చేశాడు. వద్దన్నారు. ఆ ఇంటి విషయంలో కొడుకుతో తగాదా ఉందనీ, ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ అనీ మేనేజరు ప్రశ్న. బస్సు మలుపు దాటిపోయింది. ఆమె గేటు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఎవరితోనూ మాట్లాడలేదు.

మేనేజరు మాట పూర్తిగా తప్పనలేం. పద్నాలుగు ప్రాణాల బాధ్యత ఆయనది. కానీ ఆ ప్రయాణం నిర్ణయించిన నెల రోజుల్లో ఎవరూ ఆమెను “అమ్మా, మీరు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు?” అని అడగలేదు. అడిగి ఉంటే కొడుకుతో మాట్లాడడానికో, ఆ ఊరి సంఘకాపరిని మధ్యలో పెట్టడానికో, కనీసం ఆమె ఊరి చర్చి ముందు పది నిమిషాలు బస్సు ఆపడానికో సమయం ఉండేది. యోహాను సువార్త చివరి అధ్యాయంలో ప్రభువు పేతురుతో చెప్పిన మాట మనకు తెలుసు. వృద్ధాప్యంలో వేరొకరు నడుము కట్టి, ఇష్టం లేని చోటికి తీసుకుపోతారని. పేతురుకు అది అతని మరణాన్ని గూర్చిన సూచన. మన ఆశ్రమాల్లోని వారికి అది ప్రతి రోజు సంగతి. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎప్పుడు దీపం ఆర్పాలో ఇంకొకరు నిర్ణయిస్తారు. విహారయాత్ర కూడా అలాగే ఇంకొకరు నిర్ణయించినదైతే, అది వారికి ఇంకో ఉత్తరువు అవుతుంది.

చట్టం ఈ సంగతిని ఎంతవరకు పట్టించుకుంది? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లల మీద బాధ్యత పెట్టింది. ట్రిబ్యునలుకు వెళ్తే నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. తల్లిదండ్రులను వదిలేసినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జిల్లాకొక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు ఉండేలా కట్టవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. కట్టవచ్చని, కట్టి తీరాలని కాదు. ఆశ్రమవాసులకు వైద్యంతో పాటు వినోద సాధనాలు కూడా ఉండాలని అందులో ఒక మాట ఉంది. మేము చూసిన చాలా చోట్ల ఆ మాటకు అర్థం హాలులో ఒక టీవీ.

మన రాష్ట్రాల్లో వృద్ధుల సంఖ్య గురించి రాజకీయాల్లోనూ మాటలు వినబడుతున్నాయి. దక్షిణాదిలో జనం వయసు మళ్లుతోందని, ఎక్కువమంది పిల్లలను కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024లో పిలుపునిచ్చారు. ఆ ఏడాదే స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. దేశం మొత్తం మీద 2011 జనాభా లెక్కల నాటికే 60 ఏళ్లు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. ఎంతమందిని కనాలన్న చర్చ సాగనివ్వండి. కానీ ఆ బస్సులో ఊరు చూపించమని అడిగిన అవ్వకు నలుగురు పిల్లలు.

పిల్లలందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. గోదావరి జిల్లాల నుండి, కడప నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడబిడ్డలు ఎందరో. అక్కడ ఇంకొకరి ముసలివాళ్లకు స్నానం చేయించి, ఆ జీతంలోంచి ఇక్కడ తన తల్లి ఉన్న ఆశ్రమానికి నెలనెలా ఫీజు పంపుతున్న కూతురిని మనం ఏమని నిందిస్తాం? ఆమెకు మనం చేయగలిగింది, ఆమె తల్లి పక్కన ఒక పూట కూర్చుని వీడియో కాల్ కలిపి ఇవ్వడం. మరోవైపు, చర్చి కట్టడానికి లక్షలు పంపి పాలరాతి పలక మీద పేరు చెక్కించుకుని, అమ్మను చూడడానికి ఐదేళ్లుగా రానివారూ ఉన్నారు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను గురించి ప్రభువు ఏమన్నారో వారికి సంఘకాపరులు తప్ప ఇంకెవరు చెప్పాలి? ఆ కానుక అందుకున్న చేతులతో చెప్పడం కష్టమే. కష్టమైనా చెప్పాలి.

యవనస్థుల సంఘాలకు మా విన్నపాలు కొన్ని. పెద్దవారు ఒక్కొక్కరికి ఒక్కొక్కరు తోడుండేలా చూసుకోండి. నలుగురినే తీసుకువెళ్లగలిగితే నలుగురినే తీసుకువెళ్లండి. మందుల చీటీ, షుగరు ఉన్నవారి భోజన వేళ, దారిలో ఆగే చోట్లు ముందే రాసుకోండి. మంచం దిగలేనివారిని మరిచిపోకండి. మిగతావారు బస్సెక్కే వేళ వారు ఆ కిటికీలోంచి చూస్తూ ఉంటారు. ఆ రోజు వారి దగ్గర కూర్చోవడానికి ఇద్దరు ఆగిపోవాలి. కాలాన్ని కూడా మార్చండి. క్యాథలిక్ సంఘం 2021 నుండి జూలై నాలుగో ఆదివారాన్ని తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల దినంగా, వృద్ధుల దినంగా పాటిస్తోంది. డిసెంబరు రద్దీకి దూరంగా ఉన్న ఆ ఆలోచన అందరమూ తీసుకోదగినది.

ఆ ఇరవై మందిలో ఇప్పుడు వారం వారం ఆశ్రమానికి వెళ్తున్నది ఇద్దరు. ముగ్గురు ఉండేవారు, ఒక అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అతను ఆదివారం సాయంత్రాలు లస్కరు తాతగారికి ఫోను చేస్తున్నాడని విన్నాం. అవ్వ ఊరి సంఘకాపరికి నర్సింగు అమ్మాయి కబురు పంపింది. ఆయన కొడుకుతో ఒకసారి మాట్లాడారు, మళ్ళీ మాట్లాడతానన్నారు. ఆ వీధి ఆమె ఇంకా చూడలేదు.