పఠన వేదిక: ఇసుక ద్వీపమునకు పోయిన పుస్తకములు



గత మాసమున మన ఆలయమందు శ్రీరామ భజనము ముగిసి, ప్రసాదము పంచుచున్న సమయమున, సంఘసభ్యురాలగు ఒక తల్లి మమ్ము సమీపించి తన సంశయమును తెలిపెను. ఆమె కుమార్తె ఉన్నత విద్యకై కెనడా దేశమందలి హాలిఫాక్స్ నగరమునకు పోనున్నది. ప్రయాణమునకు ఏడు వారములు మాత్రమే గడువున్నది. విమానమున కొనిపోదగిన బరువు స్వల్పము. చలిదుస్తులే పెట్టెలో సగము చోటు ఆక్రమించుచున్నవి. మిగిలిన చోటున ఏ పుస్తకములు పెట్టవలెను? ఇంటిలోని నాయనమ్మగారు తాము చిన్ననాటి నుండి పారాయణము చేయు గజేంద్ర మోక్షము ప్రతిని మనుమరాలు తీసికొనిపోవలెనని పట్టుపట్టుచున్నారు. అది అట్ట ఊడి, అంచులు పసుపు కుంకుమలతో మాసిన పాత ప్రతి. బాలికయో తెలుగును అక్షరమక్షరము కూడబలుకుకొని చదువును.

"అన్నగారూ, చదువలేని పుస్తకమును మోసికొనిపోయిన ఏమి ఫలము? వలదన్నచో అత్తగారి మనస్సు నొచ్చును. మీరే చెప్పవలెను" అని ఆ తల్లి అడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఏ గ్రంథము చదువదగినదో ఈ శీర్షికలో పలుమారులు వ్రాసితిమి గాని, వేనిని విడిచి వేనిని కొనిపోవలెనను ప్రశ్న మాకు ఇంతవఱకు ఎదురుకాలేదు.

పాశ్చాత్య దేశములలో ఇట్టి ప్రశ్న ఒక వినోదము. నిర్జన ద్వీపమున ఒంటరిగా చిక్కుకొనినచో ఏ పుస్తకము నీవద్ద ఉండవలెనని కోరుదువు, అని ఒకరినొకరు అడుగుదురు. ఆంగ్లదేశపు బి.బి.సి. రేడియోవారు 1942లో ఇట్టి కార్యక్రమము నొకదానిని ప్రారంభించిరి. అతిథి తనకు ప్రియమైన సంగీతమును ఎన్నుకొనును. బైబిలును లేదా తన మతమునకు తగిన గ్రంథమును, షేక్స్‌పియరు నాటకములను ముందుగానే ఇచ్చి, వానితోపాటు ఇంకొక్క పుస్తకమును కోరుకొమ్మందురు. ఈ వినోదమునకు మూలము నిజముగా జరిగిన కథలే. 1704లో అలెగ్జాండర్ సెల్కిర్క్ అను నావికుడు దక్షిణ అమెరికాకు పడమటనున్న ఒక నిర్జన ద్వీపమున దిగి, 1709 వఱకు ఒంటరిగా జీవించెను. అతనివద్ద తుపాకి, వంటపాత్ర, బైబిలు ఉండెను. డానియల్ డెఫో 1719లో ప్రకటించిన రాబిన్సన్ క్రూసో కథకు ఇతని వృత్తాంతమే ప్రేరణ యని పెక్కురు చెప్పుదురు.

కాని మారిషసు వాసులమగు మనకు ఇది వట్టి వినోదము కాదు. మన పూర్వులు కోరంగి మొదలగు రేవుల నుండి ఓడలెక్కి ఈ ద్వీపమునకు వచ్చినపుడు, ఏమి తీసికొనిపోవలెనను ప్రశ్నను వారును ఎదుర్కొనిరి. పోర్ట్ లూయీలోని అప్రవాసి ఘాట్ నందలి పదునాఱు మెట్లను ఎక్కినవారి మూటలలో చోటు ఎంత యుండునో మనము ఊహింపవచ్చును. చెఱకు తోటలలో పగలెల్ల శ్రమించి, రాత్రి దీపము చుట్టు నిలిచి వారు పాడిన పాటలు మూటలలో వచ్చినవి కావు, కంఠములలో వచ్చినవి. 1960 ఫిబ్రవరిలో కేరల్ తుపాను మన ద్వీపమును ఊడ్చివైచినపుడు, కప్పులు లేచిపోయిన ఇండ్లలో తడియని కాగితము మిగులుట అరుదు. అట్టి రాత్రి మనుష్యునికి తోడు నిలుచునది నోటికి వచ్చినది మాత్రమే.

ఇట్లు ఆలోచించుచు మేము హాలిఫాక్స్ నగరమున్న పటమును తెఱచి చూచితిమి. ఆ నగరమునకు ఆగ్నేయముగా, సుమారు 300 కిలోమీటర్ల దూరమున, అట్లాంటిక్ మహాసముద్రమున నెలవంక వలె వంగిన ఒక సన్నని గీత కనబడినది. దాని పేరు సేబుల్ ద్వీపము. సేబుల్ అనగా ఇసుక. ఫ్రెంచి మాటలు వినుచు పెరిగిన మనకు ఈ పదము క్రొత్తది కాదు. పొడవు నలువది కిలోమీటర్లకు మించినను, దాని వెడల్పు రమారమి ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. మంచు తెరలు, ఇసుక మిట్టలు, ఎదురెదురు ప్రవాహములు కలిసి అక్కడ 350కి పైగా ఓడలను బలిగొనినవి. అడవి గుఱ్ఱములు నేటికిని అచట తిరుగుచున్నవి. 2013 నుండి అది కెనడా ప్రభుత్వపు సంరక్షణలో జాతీయ ఉద్యానముగా నున్నది. పుస్తకములను గూర్చి అడిగిన ప్రశ్నకు బదులు ఆ ఇసుకలోనే మాకు దొరికినది.

1598లో ఫ్రాన్సు దేశపు ప్రభువగు లా రోష్ అనునతడు కొందఱు ఖైదీలను ఆ ద్వీపమున దింపి వలస స్థాపింపజూచెను. క్రమముగా ఆహారము పంపుట నిలిచిపోయెను. ఆకలియు చలియు చాలక వారిలో కలహములు పుట్టి, ఒకరినొకరు చంపుకొనిరి. 1603లో ఓడ వచ్చి చూచునప్పటికి సీలు జంతువుల చర్మములు ధరించి పదునొకండుగురు మాత్రమే మిగిలియుండిరి. ద్వీపమున దిగినవారికి మొదట కావలసినది తిండియు ఆశ్రయమునని ఈ కథ చెప్పుచున్నది. అంతతో చాలదనియు, పదుగురిని కూర్చునది మఱియొకటి లేనిచో మిగిలిన బలమే వారిని చంపుననియు చెప్పుచున్నది.

తరువాత రెండు శతాబ్దములకు, 1801లో, నోవా స్కోషియా ప్రభుత్వము ఓడ మునిగినవారిని రక్షించుటకై అచట ఒక కేంద్రమును స్థాపించెను. ఒక అధికారియు, కొందఱు పనివారును, వారి కుటుంబములును ఆ ఇసుకపై కాపురముండిరి. ఈ ఏర్పాటు 1958 వఱకు సాగెను. హాలిఫాక్స్ నుండి సరకుల ఓడ వచ్చిన నాడే వారికి లోకముతో సంబంధము.

1853లో డొరోథియా డిక్స్ అను అమెరికా వనిత ఆ ద్వీపమును చూడవచ్చెను. మతి చలించినవారిని చెఱసాలలలో గొలుసులతో కట్టివేయుట తగదనియు, వారికి వైద్యాలయములు కావలెననియు ఆమె జీవితమంతయు పోరాడెను. అందుకై నోవా స్కోషియా శాసనసభకు 1850లో విన్నపము చేసినదియు ఆమెయే. ఆమె ద్వీపమున నుండగనే ఒక ఓడ ఇసుకలో చిక్కుకొనెననియు, మతి తప్పిన దాని నాయకుడు ఓడను వీడకుండగా, అతనిని కూడ తెమ్మని ఆమె పనివారిని వేడుకొనెననియు ఆమె జీవిత చరిత్రమున చెప్పబడినది. బంధించి తెచ్చిన ఆ నాయకుని కట్లు ఆమె స్వహస్తములతో విప్పి, చేయి పట్టుకొని ఒడ్డున నడిపించెనట.

అచటి పడవలు ప్రాణరక్షణకు చాలినవి కావని ఆమె గ్రహించెను. స్వదేశమునకు మరలి, బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరములలో చందాలు ప్రోగుచేసి, మంచి పడవలను కట్టించి పంపెను. 1854 నవంబరులో ఆర్కేడియా అను ఓడ ఆ ద్వీపమున మునిగినపుడు, రిలయన్స్ అను ఆ పడవలలోని ఒకటి ఉధృతమైన కెరటములలో మరల మరల పోయి 160కి పైగా ప్రాణములను ఒడ్డునకు చేర్చెను.

ఇక్కడ పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. ఆ వనిత పడవలతో ఆగలేదు. బోస్టన్ మిత్రుల నుండి కొన్ని వందల పుస్తకములను సేకరించి ఆ ద్వీపవాసులకు ఒక గ్రంథాలయమును కూడ పంపెను. మునుగువానికి పుస్తకము తెప్ప కాదని ఆమెకు తెలియును. కాని రక్షించువాడు కూడ మనుష్యుడే. నెలల తరబడి సముద్రఘోష తప్ప ఇంకొక ధ్వని వినని చోట, అతని మనస్సు కూడ మునుగవచ్చును. మతి చలించినవారి దుఃఖమును ఏండ్ల తరబడి చూచినది గనుకనే, ఆమె పడవను, పుస్తకమును ఒకే చేతితో ఇచ్చినదని మేము తలంచుచున్నాము.

హాలిఫాక్స్ నగరమున ఇట్టి కథ ఇంకొకటి కలదు. గ్రీసు దేశమునకు చేరువనున్న కోర్ఫూ ద్వీపము 1864లో గ్రీకుల పరమైనపుడు, అచటి బ్రిటిషు సేనల గ్రంథాలయమందలి పుస్తకములు హాలిఫాక్స్ సైనిక గ్రంథాలయమునకు తరలింపబడెను. ఒక ద్వీపమున కొందఱు చదివిన పుస్తకములు వేయి క్రోసుల కావలి రేవున, ముఖమెఱుగని మఱి కొందఱి చేతికి వచ్చినవి. ఈ రెండు వృత్తాంతములలోను ఏ పుస్తకమును ఒంటరివాని పెట్టెలో దాగుటకై పోలేదు. చేతులు మాఱుటకే పోయినది.

ఇంతవఱకు ఆలోచించి, మేము ఒక సాయంకాలము ఆ నాయనమ్మగారిని చూడబోతిమి. ఆమె ఒడిలో ఆ పాత పుస్తకము తెఱచియున్నది. పారాయణము ముగిసిన పిదప, "ఇది మనుమరాలికి ఇచ్చినచో మీకు ప్రొద్దుట పారాయణము ఎట్లమ్మా?" అని అడిగితిమి. ఆమె నవ్వి, "నాకు కళ్ళు ఆనక పదేండ్లయినది, నాయనా. పుట తెఱచి యుంచుకొందును. చదువునది నోటితోనే" అనెను.

మా ప్రశ్నకు అదియే బదులైనది. ఆ ఇంటిలోని గజేంద్ర మోక్షము పుస్తకమున లేదు, నాయనమ్మగారి నోట నున్నది. ఆమెను పెట్టెలో పెట్టలేము. ఏడు వారములు మాత్రము మన చేతిలో నున్నవి.

కావున మేము ఆ తల్లికి చెప్పినది ఇది. బాలిక దినమున కొక పద్యము చొప్పున నాయనమ్మగారి ప్రక్కన కూర్చుండి చదువవలెను. ఆమె పలికినట్లు పలికి, ఒక క్రొత్త నోటు పుస్తకమున తన చేతితో వ్రాసికొనవలెను. అర్థమును తనకు వచ్చిన ఏ భాషలోనైనను, ఫ్రెంచియో ఇంగ్లీషో క్రియోలో, ప్రక్కన వ్రాసికొనవచ్చును. పెట్టెలో మొదట పెట్టవలసినది ఆ నోటు పుస్తకము. పాత ప్రతిని ఇచ్చుటయో ఉంచుకొనుటయో నాయనమ్మగారి ఇష్టము.

రెండవది, ఇతరులకు ఈయదగిన పుస్తకము. వేమన పద్యములను సి.పి. బ్రౌను 1829లోనే ఇంగ్లీషు అర్థములతో ప్రకటించెను. అట్టి అనువాద సహితమైన ప్రతి యొకటి వెంట నున్నచో, తోడి విద్యార్థిని "మీ భాషలో ఏమున్నది?" అని అడిగినపుడు చేతికి అందీయవచ్చును. అది తిరిగి రాకున్నను చింతలేదు. కోర్ఫూ పుస్తకములు తిరిగి పోలేదు గదా.

మూడవ పుస్తకమును తీసికొనిపోనక్కఱలేదు. నిఘంటువులు, పురాణములు, వేలకొలది ఇతర గ్రంథములు నేడు చేతిలోని ఫోనులో ఇముడుచున్నవి. అది మంచిదే, వాడుకొనవలెను. హాలిఫాక్స్ నగరమున 2014లో తెఱచిన కేంద్ర గ్రంథాలయము కలదు. అచటికి పోయి ఆ నేలను గూర్చి, ఆ సముద్రమును గూర్చి, సేబుల్ ద్వీపమును గూర్చి చదువుమని చెప్పితిమి. పోయిన ఊరిని చదువనివాడు ఎంత పెద్ద నగరమున నున్నను నిర్జన ద్వీపమున నున్నట్లే.

గత శనివారము ఆ తల్లి మరల కనబడినది. పారాయణము ఎనిమిదవ పద్యము వఱకు వచ్చినదట. బాలిక వ్రాసికొనుచుండగా రెండు చోట్ల నాయనమ్మగారి పాఠమునకును అచ్చు పుస్తకమునకును భేదము కనబడినదట. అచ్చే తప్పని నాయనమ్మగారు, అచ్చే ఒప్పని మనుమరాలు వాదించుకొని, ఆ పూట అన్నము చల్లారిపోయినదని చెప్పి ఆమె నవ్వెను. అక్షరము కూడబలుకుకొనిన పిల్ల పాఠభేదముపై వాదమునకు దిగినదనిన, మాకు వేఱొక శుభవార్త అక్కఱలేదు.

మన కుటుంబములలో ఇట్టి పాత పుస్తకములు, వానిని చూడకయే చదువగల పెద్దలు, ఇంకను కొందఱు మిగిలియున్నారు. వారికి ఏ విమానమును గడువు చెప్పదు గనుక మనము తొందరపడము. రాబోవు మాసము నుండి ప్రతి శనివారము భజనమునకు ముందు ఒక గంట ఆలయ మంటపమున పఠనము జరుగును. పెద్దలు తమకు వచ్చినది వినిపింపవలెను. పిల్లలు నోటు పుస్తకము తెచ్చుకొనవలెను. తల్లిదండ్రులు వెంట వచ్చి కూర్చుండవలెనని మా ప్రార్థన.

శుభమస్తు.