ఉప్పు వదిలించాకే... అటకెక్కించండి!

ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటిందంటే మన తీరంలో మరబోట్లన్నీ ఒడ్డుకు చేరాల్సిందే. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 వరకూ, మొత్తం 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్ విప్పి మేస్త్రీకి చూపిస్తారు. చిరిగిన వలలు బాగుచేసుకుంటారు. పడవకు రంగు పడుతుంది. మరి ఎండకూ వానకూ నెత్తిన నీడగా నిలిచిన బరకం, తెరచాప, ఇంజిన్ మీది ముసుగు? చుట్టచుట్టి ఏ మూలకో విసిరేస్తారు!

మా పెదనాన్న ఇంట్లోనూ ఓసారి అదే జరిగింది. పాకలో పడేసిన కాన్వాసు గుడ్డను జూన్‌లో తీస్తే ఒళ్లంతా నల్లటి మచ్చలు, ముక్కిపోయిన వాసన. కాస్త గట్టిగా లాగేసరికి చిరిగింది. రెండు నెలలుగా రాబడి లేని ఇంట్లో, తీరా వేటకెళ్లే ముందు అప్పుచేసి మరొకటి కొనాల్సి వచ్చింది. ‘సముద్రం పాడుచెయ్యలేదురా, మన బద్ధకం పాడుచేసింది’ అన్నాడాయన.

మండుటెండల్లో బూజేమిటి అంటారా? అసలు దొంగ ఉప్పు. ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది కదా! గుడ్డ పోగుల్లో ఇరుక్కున్న ఉప్పూ అంతే. పైకి ఎండినట్టే ఉంటుంది, గాల్లోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. దానికి చేపల జిగురు, మురికి తోడైతే బూజుకు పండగే. నూలు కాన్వాసునైతే అది పోగులతో సహా తినేస్తుంది. ఆక్రిలిక్, నైలాన్ కుళ్లిపోవుగానీ పైనున్న మురికిని పట్టుకుని మచ్చలు పడతాయి.

అందుకే ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్షుతో ఇసుక, దుమ్ము దులపండి. తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు తడపండి. సబ్బు తేలికపాటిది చాలు. గోరువెచ్చని నీళ్లలో కలిపి రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. మరిగే నీళ్లు, గాఢమైన డిటర్జెంట్లు వాడితే నీరు పట్టకుండా వేసిన పూత పోతుంది. తెల్లబడుతుంది కదాని బ్లీచింగ్ పౌడరు జోలికి వెళ్లొద్దు. నైలాన్‌ను క్లోరిన్ దెబ్బతీస్తుంది.

ఆరేసేటప్పుడు మడతలు, కుట్లు, అంచులు ప్రత్యేకంగా చూడండి. తడి దాక్కునేది అక్కడే. గుడ్డ కన్నా ముందు ఎండకు బలయ్యేది కుట్టుదారం. వదులైన కుట్లను ఇప్పుడే వేయించుకుంటే జూన్‌లో దర్జీ కోసం పరుగులుండవు. జిప్పులకు కొవ్వొత్తి రుద్దితే సాఫీగా నడుస్తాయి.

మడతపెట్టడం కన్నా చుట్టడం మేలు. ప్లాస్టిక్ సంచిలో బిగించొద్దు, పాత పంచెలో చుట్టి నేలకు తగలకుండా గాలి ఆడే చోట పెట్టండి. ఎలుకల సంగతీ మరవొద్దు!

అన్నట్టు, కిళ్లీలో వేసుకునే కాచు తెలుసుగా? నూలు తెరచాపల కాలంలో భారత్, బర్మాల నుంచి ఓడలెక్కి వెళ్లిన కాచును మరిగించి, ఇంగ్లాండు జాలర్లు తమ తెరచాపలనూ వలలనూ అందులో నానబెట్టేవారు. త్వరగా కుళ్లకుండా కాపాడుకునేందుకే ఆ తంటా.

మనకంత శ్రమ అక్కర్లేదు. నాలుగు బిందెల మంచినీళ్లు, ఒక పూట ఓపిక... జూన్ 15 ఉదయం బరకం విప్పినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.