మంచులో వరాహం

కెనడాలోని సస్కాచువాన్ మైదానాలలో అడవిపందులు గడ్డకట్టే చలిని సైతం లెక్కచేయక బ్రతుకుతున్నాయి. 1980వ దశకంలో మాంసవ్యాపారం కొరకు ఐరోపా జాతిని అక్కడికి తెచ్చినవారు మనుషులే. 2001 ప్రాంతంలో గిరాకీ పడిపోగా కొందరు వాటిని ఊరక వదలివేశారు. పెంపుడు పందులతో సంకరమైన భారీకాయము, దట్టమైన రోమము వాటికి రక్ష. జమ్ము పోగుచేసుకొని మంచుక్రింద గూడు కట్టుకుంటాయి. అక్కడివారు దానికి పెట్టిన పేరు ‘పిగ్లూ’. పిగ్గూ ఇగ్లూ కలిసిన ఈ సంధికి సూత్రమేదో వైయాకరణులు సెలవియ్యాలి!

ఇక వేట. తుపాకి పేలితే మంద చెదరి కొత్తచోట్లకు పాకుతుంది; మిగిలినవి నిశాచరులౌతాయి. రెండింటిని కూల్చి ఫొటో దిగడం వినోదమే గాని నివారణ కాదు. మందను మొత్తంగా బంధించడమే మేలని పరిశోధకుల మాట. నాకూ అదే సమంజసం. అయితే తెచ్చి వదలినవారిని విడిచి, ఆ జంతువును ‘దురాక్రమణదారు’ అనడం మాత్రం నాకు రుచించదు.