రేగు మొక్క కొనొద్దు, గింజ నాటండి

దొడ్లో నీడకు, కాయకు ఏ చెట్టు పెట్టాలని నర్సరీలో అడిగితే పది పేర్లు చెబుతారు. రేగు పేరు మాత్రం ఎత్తరు. ఎందుకెత్తుతారు? వంక గట్టున, గుట్ట వార, చేని గెనం మీద ఎవరూ నాటకుండానే మొలిచేదానికి ధర కట్టి అమ్మడం కష్టం. 2010 తర్వాత థాయిలాండు నుంచి వచ్చిన ఆపిల్ రేగుకు ధర కట్టగలిగారు కాబట్టి దాన్ని ఊరూరా తిప్పి అమ్మారు. కాయ పెద్దదే, చూపుకు బాగుంటుంది. నోట్లో వేసుకుంటే మన రేగి పండులోని పులుపూ లేదు, వాసనా లేదు.

మన జిల్లా వానకూ రేగు చెట్టుకూ పొత్తు కుదిరినట్టు ఇంకో పండ్ల చెట్టుకు కుదరదు. ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూనే. అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలలదే పెద్ద వాటా. ఎండలు ముదిరితే రేగు ఆకు రాల్చి నిద్రపోతుంది. నీళ్లు అడగదు. తొలకరికి చిగురిస్తుంది, వానల్లో పూస్తుంది, చలికాలంలో కాయ నిలబెట్టి సంక్రాంతికి పండు చేతికిస్తుంది. మళ్లీ ఎండలు వచ్చేసరికి దాని పని అయిపోతుంది. పువ్వు అందమైనదేం కాదు. ఆకుపచ్చా పసుపూ కలిసిన చిన్న పువ్వు. అయినా పూత మీదున్నప్పుడు చెట్టు కింద నిలబడితే తేనెటీగల రొద వినబడుతుంది. ఆకు జీవాలకు మేత. పండు పిల్లలకు సి విటమిన్. మిగిలిన పండ్లకు మిరపకాయ, ఉప్పు, జీలకర్ర, బెల్లం చేర్చి రోట్లో దంచి ఎండబెట్టుకుంటే రేగొడలు. ఇప్పుడవి ఎన్ని ఇండ్లలో చేస్తున్నారు?

అసలు చెప్పాలనుకున్నది నాటే తీరు గురించి. రేగు బలమంతా తల్లి వేరులో ఉంది. గింజ మొలిచిన చోటనే ఆ వేరు తిన్నగా లోతుకు దిగి, బోర్లు ఎండినా చెట్టును నిలబెడుతుంది. అదే గింజను చిన్న ప్లాస్టిక్ సంచిలో మొలిపిస్తే వేరు అడుగుకు తగిలి చుట్టలు తిరుగుతుంది, లేదా సంచి చీల్చుకొని నేలలోకి పోయి, మొక్క ఎత్తేటప్పుడు తెగిపోతుంది. అట్లాంటి మొక్కను తెచ్చి గుంతలో పెట్టి, రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోసి బతికించాలి. మోసేది ఎవరు? ఇంటి ఆడవాళ్లు. తాగే నీళ్లకే కుళాయి దగ్గర వరుస కట్టే ఊళ్లలో ఈ చాకిరీ ఎందుకు?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. తర్వాతి ఏళ్లలో ఆ పథకం కింద మెట్ట పొలాల్లో పండ్ల మొక్కలు, ఎక్కువగా మామిడి, నాటించారు. నీళ్లు అందినచోట తోటలు నిలిచాయి, కాదనలేం. కానీ ఎన్ని గుంతలు తీశారు, ఎన్ని మొక్కలు పెట్టారు అన్న లెక్క మీద నడిచే పనిలో గింజకు చోటు దొరకదు. గింజకు బిల్లు రాదు గదా! ఏ పథకం కిందనైనా సరే, మూడో ఎండాకాలం దాటి బతికున్న చెట్టుకు డబ్బు ఇవ్వాలని నా వాదన. అప్పుడు గింజ విలువ అధికారులకూ తెలుస్తుంది.

ఎట్లా నాటాలంటే, పండిన నాటు రేగి పండ్ల గింజలు తీసి ఉప్పు నీళ్లలో వేయాలి. లీటరుకు 170 నుంచి 180 గ్రాముల ఉప్పు. తేలినవి తాలు, పారేయండి. మునిగినవి కడిగి నాటండి. పైపెంకు జాగ్రత్తగా పగలగొట్టి లోపలి పప్పు నాటితే వారం అటూ ఇటూగా మొలుస్తుంది. పెంకుతో నాటితే మూడు, నాలుగు వారాలు ఆగాలి. గోడకు ఇరవై అడుగుల దూరంలో రెండడుగుల గుంత తీసి, పేడ ఎరువు కలిపిన మట్టి నింపి, తొలకరికి మూడు గింజలు వేయండి. బాగున్నది ఒకటి ఉంచి మిగతావి పీకేయండి. చుట్టూ ముళ్లకంప కట్టకపోతే మేకలు మిగల్చవు.

గింజ చెట్టు పులుపో, వగరో చెప్పలేం కాబట్టి కన్ను అంటు కట్టాలి. మరుసటేడు వానలకు కాండం పెన్సిల్ లావైతే చాలు, జూన్ నుంచి ఆగస్టు మధ్య కట్టొచ్చు. రకం మాటకొస్తే, ఎప్పుడూ మన జిల్లాను జైసల్మేర్‌తో పోలుస్తారు. ఆ రాజస్థాన్‌లోనే, జోధ్‌పూర్‌లో ఎడారి సేద్యం మీద పనిచేసే కాజ్రీ సంస్థ వాన మీదే ఆధారపడే నేలలకు గోలా రకం చెబుతుంది. అది ముందుగా కాపుకొస్తుంది, నేలలో తేమ ఆరేలోపే పండుతుంది. ఉమ్రాన్ కాయ పెద్దది గాని ఆలస్యం.

ఇంటి దగ్గర్లోనో గెనం మీదనో ఇప్పటికే నాటు రేగు ఉంటే ఇంకా మేలు. దాని వేరు ఎప్పుడో లోతుకు దిగి ఉంటుంది. ఎండాకాలంలో మోకాలెత్తుకు కొట్టేసి, వానకు వచ్చిన చిగుర్లలో బలమైన వాటికి కన్ను కట్టండి. ఏడాది, రెండేళ్లలో కాయ చూస్తారు. అంటు కింద నుంచి వచ్చే నాటు చిగుర్లు మాత్రం ఎప్పటికప్పుడు తీసేయాల, లేకపోతే అవే చెట్టయి కూర్చుంటాయి. కొత్త రెమ్మ మీదే పూత కాబట్టి ఏటా ఏప్రిల్‌లో కత్తిరించాలి. ముళ్లున్నాయని భయపడేవాళ్లకు కూడా అదే మందు. కొమ్మలు అందే ఎత్తులో ఉంటాయి, కొట్టిన కంప దొడ్డి కంచెకు పనికొస్తుంది.

కాయలో పురుగు పడితే మందు డబ్బా కోసం పరుగెత్తొద్దు. పండు ఈగ పురుగు కాయలో నుంచి నేలలోకి దిగి కోశమవుతుంది. రాలిన పుచ్చు కాయలు రోజూ ఏరి కాల్చేసి, ఎండాకాలంలో చెట్టు కింద మట్టి తిరగదోడితే సగం బాధ తీరుతుంది. ఆకుల మీద, పిందెల మీద బూడిదలా తెల్లగా కనబడితే నీళ్లలో కరిగే గంధకం కొట్టాల.

ఇక అంటు కట్టేవాళ్లు. ఊరికి ఒకరు నేర్చుకుంటే చాలు, కావలసింది ఒక పదునైన కత్తి, కాస్త ప్లాస్టిక్ పట్టీ. మంచి చెట్టు ఉన్నవాళ్ల దగ్గర ఆ ఏటి రెమ్మలే అడగండి, ఆకు తుంచి కాడ ఉంచి, తడి గోనెలో చుట్టి ఆ పొద్దే తెచ్చుకొని ఆ పొద్దే కట్టేయండి.