"ఇంట్లో చేసిందే" అంటే సరిపోదు: తినేవారంతా నేర్వవలసిన ప్రకటనల పాఠం



ఇటీవల ఒక బంధువుల ఇంట పుట్టినరోజు వేడుకకు దంతాలపల్లి వెళ్లాను. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రహదారి మీద, తొర్రూరు, మరిపెడల నడుమ ఉన్న ఊరు అది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైంది. పసివాడికి ఏడాది నిండింది. రెండంతస్తుల కేకు వచ్చింది. నా ఎదుట కూర్చున్న నడివయసు రైతు, ఏళ్ల తరబడి మధుమేహానికి మాత్రలు వేసుకుంటున్న మనిషి, రెండో ముక్క అందుకున్నాడు. నా చూపు ఆయనకు అర్థమైంది. "ఇది బేకరీది గాదు సారూ, ఇంట్ల చేసిందే. ఏం గాదు" అన్నాడు.

వైద్య వృత్తిలో "ఏం గాదు" అన్న మాట వేలసార్లు విన్నాను. బీడీ కాల్చేవారు అన్నారు, సారా తాగేవారు అన్నారు. వారి మాట వారిదే. ఈ రైతు మాట మాత్రం ఆయన సొంతం కాదు. ఫోనులో ఎవరో చెప్పగా విని, నమ్మి, నాకు అప్పగించాడు. అలా నమ్మించే విద్యకు నేడు డిజిటల్ మార్కెటింగ్ అని పేరు. నా వాదన ఒక్కటే: ఆ విద్యలోని తొలి పాఠాలు అమ్మేవారికంటే ముందు తినేవారికి తెలియాలి. తినేముందు చేతులు కడుక్కోవాలని నేర్పినట్లే, తినేముందు ప్రకటనను చదవడం కూడా నేర్పవలసిన కాలం వచ్చింది.

కేకు లెక్క

ముందుగా కేకు సంగతి చూద్దాం. ఒక కప్పు మైదాతో చేసే చిన్న కేకుకు సాధారణంగా ముప్పావు కప్పు చక్కెర పడుతుంది. అంటే దాదాపు 150 గ్రాములు. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు సుమారు 19 గ్రాములు. పైన పూసే క్రీములోని చక్కెర దీనికి అదనం. ఆహారంలో అదనంగా కలిపే చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతం దాటరాదని, 5 శాతం లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2,000 క్యాలరీలు తినేవారికి ఆ 5 శాతం అంటే 25 గ్రాములు. మన రైతు రెండు ముక్కలతోనే ఆ గీత దాటాడు. ఉదయం తాగిన చాయలోని చక్కెర నేను లెక్కలోకి తీసుకోలేదు.

తెల్లని క్రీమును చాలామంది పాల మీగడ అనుకుంటారు. ఎక్కువచోట్ల వాడేది పాలకు బదులు వనస్పతి కొవ్వుతో తయారైన విప్పింగ్ క్రీము. అందులో తరచుగా వాడే పామ్ గింజల నూనెలో సంతృప్త కొవ్వు 80 శాతం దాకా ఉంటుంది. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించరాదన్న నియమం మన దేశంలో 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కాని కొన్న క్రీము డబ్బా మీది చీటీ చదివే అలవాటు అమ్మేవారికి లేదు, అడిగే అలవాటు తినేవారికి లేదు.

"మైదా లేదు, గోధుమపిండే", "చక్కెర లేదు, బెల్లమే", "చిరుధాన్యాల బిస్కెట్లు" అన్న మాటలు మీరూ వినే ఉంటారు. బెల్లంలో అధిక భాగం చక్కెరే. రక్తంలో గ్లూకోజు దానికి ప్రత్యేక మర్యాద చేయదు. జొన్నపిండి గుప్పెడు కలిపి, మిగతాది మైదా, వెన్న, చక్కెరతో నింపిన బిస్కెట్టు జొన్నరొట్టె కాజాలదు. మన వరంగల్ సీమలో సర్వపిండి ఉంది, గటక ఉంది, మక్కగుడాలు ఉన్నాయి. వాటి కోసం రీలు చేసేవారు తక్కువ. కేకును ఏడాదికి ఒకనాడు ఒక ముక్క తినడం నేరం కాదు. దాన్ని ఆరోగ్యమని నమ్మించడం నేరం.

అమ్మే విద్యలోని తొలి పాఠాలు

ఆ కేకు చేసిన యువతితోనూ మాట్లాడాను. డిగ్రీ చదివింది. ఇద్దరు పిల్లలు. ఫోనులోనే కేకుల తయారీ నేర్చుకుంది, ఫోనులోనే మూడురోజుల మార్కెటింగ్ కోర్సు చేసింది. అక్కడ ఏం నేర్పారని అడిగాను. "కేకు గురించి ఎక్కువ చెప్పొద్దన్నరు సార్. అమ్మ చేతి వంట అని చెప్పమన్నరు" అంది. ఆమె అబద్ధం ఆడలేదు. ఆమెకు నేర్పిన పాఠమే అటువంటిది.

ఆ పాఠాలను విప్పి చూడండి. మొదటిది, ఎవరికి చూపాలో ఎంచుకోవడం. వయసు, ఊరు, ఆసక్తులు గుర్తించి, ఫలానా ఊరి చుట్టూ ఇన్ని కిలోమీటర్ల లోపల ఉన్నవారికే ప్రకటన కనిపించేలా డబ్బు కట్టవచ్చు. అది మీ ఎదుటికి యాదృచ్ఛికంగా రాలేదు. రెండవది, వదలకుండా వెంబడించడం. ఒకసారి బిర్యానీ బొమ్మ మీద వేలు పెడితే వారమంతా బిర్యానీయే కనిపిస్తుంది. మూడవది, తొందర పెట్టడం. "ఈ రోజు మాత్రమే", "ఇంకా రెండే మిగిలాయి" అనేవి ఆలోచనకు వ్యవధి లేకుండా చేసే ఉపాయాలు. నాలుగవది, వేళ చూసి పంపడం. సాయంకాలం ఆకలి మొదలయ్యే గడియకే సందేశం మోగుతుంది. అయిదవది, నలుగురి మాటగా చెప్పించడం. నక్షత్రాల గుర్తులు, మెచ్చుకోలు మాటలు, ఉచితంగా తిని, డబ్బు తీసుకుని, కళ్లు మూసుకుని "అబ్బా" అనే వీడియోలు ఈ కోవలోవే.

ఈ అయిదూ మీ నాలుకతో సంబంధం లేనివి. అవి మీ తీరికను, ఒంటరితనాన్ని, పిల్లల మారాంను లెక్కగట్టేవి. ఇన్నాళ్లూ మేము డాక్టర్లం "నోరు కట్టుకోండి" అని రోగులను మందలించాం. అందులో కొంత అన్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఇరవైమందిపై జరిగిన అధ్యయనంలో, బాగా ప్రాసెస్ చేసిన ఆహారం ముందుంచిన రెండు వారాల్లో వారు రోజుకు దాదాపు 500 క్యాలరీలు అదనంగా తిన్నారు. ఎంత కావాలంటే అంత తినమని రెండు రకాల ఆహారాలకూ ఒకే మాట చెప్పారు. మనుషులూ వారే. మారినది పళ్లెంలోని ఆహారం. అటువంటి ఆహారానికి రోజంతా వెన్నంటి ఉండే ప్రచారం తోడైతే, నిగ్రహం లేదని రోగిని ఒక్కడినే నిందించడం న్యాయమా?

బయట తినే వేళ

హోటలు తిండి విషయంలోనూ ఇదే తంతు. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాదులో మోమోలు తిని పలువురు అస్వస్థులై, ఒక మహిళ మరణించిన తరువాత వచ్చిన ఆదేశం అది. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా క్రిములు ఉండే ప్రమాదం వైద్యశాస్త్రానికి కొత్త సంగతి కాదు. కాని మండీ పళ్లెం పక్కన తెల్లగా మెరిసే ఆ గిన్నె వీడియోలో ఎంతో ముచ్చటగా ఉంటుంది. అది చేసి ఎన్ని గంటలైందో, ఫ్రిజ్‌లో ఉంచారో లేదో వీడియో చెప్పదు.

అలాగే నూనె. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే హానికర పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడరాదని 2018 జూలై నుంచి నియమం ఉంది. నల్లబడిన బాణలి ఏ రీలులోనూ కనిపించదు. అయిదు నక్షత్రాల గుర్తు రుచికి ఇచ్చినది, నూనెను పరీక్షించి ఇచ్చినది కాదు. ఈ తేడా గుర్తించని పాఠకుడు నక్షత్రాలను నాణ్యతా పత్రమని భ్రమపడుతున్నాడు.

చట్టం కొలిచిన దూరం

చట్టాలు లేవని ఎవరూ అనలేరు. బడి ఆవరణలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన ఆహారాన్ని అమ్మరాదని, ప్రచారం చేయరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. మంచిదే. అయితే గేటు దగ్గర టేపు పట్టి 50 మీటర్లు కొలిచిన చట్టం, పిల్లవాడి చేతిలోని ఫోనుకు ఎన్ని మీటర్లు కొలుస్తుంది? తప్పుదారి పట్టించే ప్రచారం చేసినవారికి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. మన మండలాల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఒక అభ్యంతరం

"ఇంట్లో కూర్చుని నాలుగు రూపాయలు సంపాదించుకునే ఆడపిల్లల మీదనా డాక్టరు గారూ మీ ప్రతాపం?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ యువతి సంపాదన మీద నాకు గౌరవం ఉంది. పెద్ద కంపెనీల మాయను చిన్నవారి చేత అనుకరింపజేసే పాఠం మీదనే నా కోపం. ఆహార వ్యాపారం చేసే చిన్నవారు ఏడాదికి వంద రూపాయల రుసుముతో నమోదు చేసుకోవచ్చని 2011 నియమాలు చెప్పాయి. అలా వచ్చిన 14 అంకెల సంఖ్యను పెట్టెమీద రాయమ్మా, ఏం వేశావో, ఏ రోజు చేశావో రాయమ్మా, "ఆరోగ్యకరం" అన్న మాట మాత్రం తీసేయమ్మా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ముక్కకు ఎంత చక్కెరో గూడ రాస్త సార్, కానీ పక్కూరామె రాయకపోతే నా గిరాకీ అటే పోతది" అంది. ఆ మాటకు జవాబు ఆమె దగ్గర లేదు, నా దగ్గరా లేదు. అది కొనేవారి దగ్గర ఉంది.

మీరు చేయవలసినది

1. ఆహార ప్రకటన చూడగానే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది నాకే ఎందుకు కనిపించింది? చెప్పేవారికి ఎవరు డబ్బిచ్చారు? ఏ విషయం చెప్పకుండా దాచారు?

2. ఇంట్లో చేసిన కేకైనా సరే నమోదు సంఖ్య, తయారీ తేదీ, వాడిన పదార్థాలు అడగండి. నిజం రాసిన వారి దగ్గరే కొనండి, పది రూపాయలు ఎక్కువైనా సరే.

3. ఆకలి వేళ ఫోను చూసి ఆర్డరు పెట్టకండి. ఒక గ్లాసు నీళ్లు తాగి పది నిమిషాలు ఆగండి.

4. మధుమేహం ఉన్నవారు వేడుకల్లో మర్యాద కోసం ఒక చిన్న తునక తీసుకుని ఆగండి. బెల్లం, తేనె, ఖర్జూరం పేర్లు విని మోసపోకండి.

5. పిల్లలతో కలిసి ఒక ప్రకటనను విడదీసి చూపండి. తొందర పెట్టే మాట ఏది, ఆశ పెట్టే బొమ్మ ఏది అని వారినే గుర్తుపట్టమనండి. బడుల్లో ఉపాధ్యాయ మిత్రులు ఈ పని చేస్తే అంతకంటే మేలు లేదు.

వేడుక ముగిసి బయలుదేరుతుంటే ఆ రైతు నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చాడు. మర్నాడు పరగడుపున రక్తపరీక్ష చేయించుకోమని చెప్పాను. "కేకు ఇంట్లదే గద సారూ" అన్నాడు మళ్లీ. నవ్వుతూ ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "కేకు ఇంటిదే నాయనా, ఆ మాట బజారుది" అన్నాను.

మీ శ్రేయోభిలాషి,
ఒక విశ్రాంత వైద్యుడు