చూపు నేర్పే పుస్తకం

తెలుగులో యాత్రా సాహిత్యం అనగానే మొదట స్ఫురించే గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య రచించిన 'కాశీయాత్ర చరిత్ర'. 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరిన ఆయన పదిహేను నెలలకు పైగా ప్రయాణించారు. ఏ మజిలీలో బస దొరుకుతుందో, ఏ ఊళ్ళో సరుకులు లభిస్తాయో, దారి ఎలా ఉంటుందో శ్రద్ధగా రాసిపెట్టారు. తరువాత వచ్చే యాత్రికుడు ఇబ్బంది పడకూడదన్నది ఆ రచనలో కనిపించే సదాశయం. నేటి యువతీయువకులకు ఆ చింత చాలావరకు తీరిపోయింది. దారి, బస, భోజనం మూడింటినీ సెల్‌ఫోనే చెబుతున్నది. మరి ఈనాటి యువ యాత్రికుల కోసం ఒక యాత్రాదర్శినిని రూపొందించాలంటే అందులో ఏముండాలి? బొమ్మలుండాలని అందరూ ఏకకంఠంతో చెబుతారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఏ బొమ్మలు ఉండాలి, అవి ఏ పని చేయాలి అన్నదే నా ప్రశ్న.

కొన్నేళ్ళ క్రితం మా విద్యార్థులు కొందరు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మీద ఒక సచిత్ర యాత్రాదర్శిని తయారుచేయాలని సంకల్పించారు. వారి ఉత్సాహం ముచ్చటగొలిపింది. మొదటి ప్రతిని నా చేతికిచ్చినప్పుడు పుటలు తిప్పి చూశాను. సగానికి పైగా రామప్ప దేవాలయం చిత్రాలే. వాటిలోనూ చాలావరకు ఒకే చోట నిలబడి, ఒకే కోణం నుండి తీసినవి. బమ్మెర గ్రామం ఎక్కడా కనిపించలేదు. ఎందుకు లేదని అడిగాను. "అక్కడ ఫొటో తీయడానికి ఏమీ లేదు సార్" అన్నాడు ఒక విద్యార్థి. అతనిది బమ్మెరకు సమీపంలోని పాలకుర్తే.

ఆ జవాబులో తప్పు పట్టవలసింది ఆ విద్యార్థిని కాదు. ఫొటోకు అందేదే చూడదగినదని, అందనిది లేనట్లేనని మన కాలం అతనికి నేర్పింది. బొమ్మే ప్రధానమైన పుస్తకానికి ఉన్న ప్రమాదం ఇదే. అందులో చోటు దక్కని ఊరు క్రమంగా ఆ ఊరి పిల్లల మనసుల నుండే తొలగిపోతుంది.

అలాగని చిత్రాన్ని చిన్నచూపు చూడటం సరికాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయమే ఇందుకు సాక్ష్యం. 2021 జూలైలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ గోడలపైనా స్తంభాలపైనా నర్తకుల భంగిమలు శిలలో నిలిచిపోయాయి. అదే కాకతీయుల కాలంలో గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' అనే లక్షణ గ్రంథాన్ని రచించాడు. ఇరవయ్యో శతాబ్దిలో డాక్టర్ నటరాజ రామకృష్ణ ఆ శిల్పాలనూ, ఈ గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకొని పేరిణి నృత్యానికి తిరిగి ప్రాణం పోశారు. శిల్పం భంగిమను చూపింది. శాస్త్రం ఆ భంగిమకు ముందూ వెనుకా ఉన్న కదలికను చెప్పింది. రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పని సాధ్యమయ్యేది కాదు. బొమ్మ, మాట కలిసి పనిచేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు. నిజాం రాష్ట్ర పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న గులాం యజ్దానీ 1922లో పాలంపేట ఆలయాలపై వెలువరించిన గ్రంథంలోనూ చిత్రఫలకాలు, వివరణ ఒకదానికొకటి తోడుగా నిలిచాయి.

కాబట్టి యువత కోసం తయారయ్యే యాత్రాదర్శినిలో బొమ్మ అలంకారంగా మిగిలిపోరాదు. అది ఒక ప్రశ్నను లేవనెత్తాలి. రామప్ప గోపురం మొత్తాన్ని చూపే చిత్రం ఒక్కటి చాలు. దాని పక్కన ఆ గోపుర నిర్మాణంలో వాడిన ఇటుకను ఒక్కదాన్నే చూపాలి. అది నీటిపై తేలేటంత తేలికైనది. గోపురానికి అంత తేలిక ఇటుకను స్థపతి ఎందుకు ఎంచుకున్నాడో, ఆలయం కింద ఇసుకతో నింపిన పునాది ఏ పని చేస్తున్నదో ఆలోచించమని బొమ్మ కింద రెండు వాక్యాలు రాయాలి. అప్పుడు పాఠకుడు అక్కడికి వెళ్ళి తన ఫొటో తాను తీసుకొని తిరిగి రాడు. తలెత్తి గోపురాన్ని చూస్తాడు, వంగి పునాది వైపు చూస్తాడు.

కొన్ని విషయాలకు ఒక్క బొమ్మ చాలదు. జనగామ సమీపంలోని పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరుపొందిన గ్రామం. 2010లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. పూర్తయిన జ్ఞాపికను మాత్రమే చూపితే అది అంగడి వస్తువుగా కనిపిస్తుంది. చదునైన రేకు, దానిపై గీసిన నమూనా, ఉలిమీద పడుతున్న సుత్తి దెబ్బ, క్రమంగా ఉబికి వస్తున్న రూపం - ఇలా వరుసగా నాలుగు బొమ్మలు వేస్తే పనివాని చేతి విలువ తెలుస్తుంది. విలువ తెలిసినవాడు అడిగిన ధరలో సగానికి బేరమాడడు.

మరికొన్ని చోట్ల ఫొటో కంటే గీసిన బొమ్మే మేలు. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు శాసనాన్ని తీసుకుందాం. గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రమనే చెరువును తవ్వించి వేయించిన శాసనమది. కాకతీయుల వంశక్రమాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారులకు అది ముఖ్యాధారం. దానిని ఫొటో తీస్తే గీతలు పడిన రాయి తప్ప మరేమీ కనబడదు. అందులోని నాలుగు అక్షరాలను పెద్దవిగా గీసి, వాటి కింద నేటి తెలుగు అక్షరాలను చూపితే విద్యార్థికి ఆ రాయితో సంభాషణ మొదలవుతుంది. అదే జిల్లాలో 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథెడ్రల్ ఉంది. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయాన్ని తలపించే స్తంభాలు అక్కడ ఒకే ప్రార్థనా మందిరంలో కలిసిపోయాయి. మొత్తం కట్టడాన్ని చూపే ఫొటోలో తొందరలో గుర్తించలేని ఈ కలయికను విడివిడి రేఖాచిత్రాలు తేటతెల్లం చేస్తాయి.

ఇక బొమ్మ పూర్తిగా ఓడిపోయే చోట్లు ఉన్నాయి. బమ్మెర పోతన స్వగ్రామంగా పండితుల్లో పలువురు అంగీకరించిన ఊరు. ఆ మహాకవి సేద్యం చేస్తూ భాగవతాన్ని తెనిగించాడని జనశ్రుతి. కడవెండి 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని మలుపు తిప్పిన సంఘటన అది. ఈ ఊళ్ళలో కన్ను చూసేదానికంటే మనసు చూడవలసినది ఎక్కువ. అలాంటి చోట పుస్తకం సంకోచించకుండా ఒక పుట నిండా మాటలే ఉంచాలి. పొలం గట్టును చూపే చిన్న బొమ్మ ఒక్కటి వేసినా చాలు. 'అక్కడ ఏమీ లేదు' అనే మాటకు ఆ పుటే సమాధానం.

బొమ్మ వల్ల హాని కలిగే సందర్భాలనూ విస్మరించరాదు. భూపాలపల్లి జిల్లా రేగొండ ప్రాంతంలోని పాండవుల గుట్టల్లో ఆదిమ మానవుడు వేసిన వర్ణచిత్రాలున్నాయి. అవి 1990లో వెలుగులోకి వచ్చాయి. వేల ఏళ్ళు నిలిచిన ఆ రంగులకు మన చేతి చెమట, మనం చల్లే నీళ్ళు, మన పేర్లు చెక్కే మొల శత్రువులు. వాటి బొమ్మను అచ్చువేసే పుస్తకం, ఎంత దూరంలో నిలబడి చూడాలో కూడా ఆ పుటలోనే చెప్పాలి. చెప్పలేకపోతే ఆ బొమ్మ వేయకపోవడమే మంచిది. మనుషుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లంబాడా తండాలోనో, కోయగూడెంలోనో కనబడిన ముఖాన్ని అనుమతి లేకుండా పుస్తకానికి ఎక్కించడం మర్యాద కాదు. మన ఇంటి ముంగిట్లోకి అపరిచితుడు వచ్చి అడగకుండా మన తల్లి ఫొటో తీసుకుంటే మనమెలా భావిస్తామో ఆలోచిస్తే చాలు.

పుస్తకాన్ని జిల్లాలవారీగా విభజించాలా అన్నది మరో సమస్య. 2016 అక్టోబరులో ఈ మూడు జిల్లాలూ ఏర్పడినప్పుడు రామప్ప భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడటంతో అది అటు వెళ్ళింది. రామప్పకు దగ్గరలోనే ఉన్న ఘనపురం కోటగుళ్ళు మాత్రం భూపాలపల్లి జిల్లాలోనే ఉన్నాయి. శిథిలావస్థలో ఉన్నా శిల్పసంపదలో రామప్పకు తోబుట్టువులనదగిన గుళ్ళవి. సరిహద్దు రేఖలు మారుతూ ఉంటాయి. దారులు అంత త్వరగా మారవు. జనగామ, మహబూబాబాద్‌లకు రైలు దారి, భూపాలపల్లికి బస్సు దారి. ఆ దారుల వెంట పుస్తకాన్ని నడిపితే విడిపోయిన తోబుట్టువులు ఒకే పుటలో కలుస్తారు.

ఇంతకూ సెల్‌ఫోన్ ఉండగా పుస్తకమెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. లక్షల చిత్రాలు క్షణంలో కళ్ళముందుకు వస్తున్నాయి. అయితే పదిమందీ చూసినదాన్నే అది పదకొండోవాడికీ ముందుగా చూపుతుంది. పదిమందీ చూడనిదాన్ని ఏరి, ఇది కూడా చూడమని చెప్పడానికి ఒక మనిషి కావాలి. పుస్తకం ఆ మనిషి చేసే పని. ఆ మనిషి ఆ నేలమీద పుట్టినవాడైతే మరీ మంచిది.

ఈ సందర్భంలో పాలకుర్తి వాసిగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు గుర్తుకు వస్తాడు. ఆయన 'పండితారాధ్య చరిత్ర'లోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రను వర్ణించాడు. ఆ వర్ణనలో క్షేత్ర మహిమతో పాటు, శివరాత్రికి తరలివచ్చిన జనం, వారి పాటలు, వారి ఆటలు ఉన్నాయి. ఆనాటి జానపద కళల గురించి మనకు తెలిసినదానిలో ఎంతో భాగం ఆ ప్రకరణం పెట్టిన భిక్షే. ఒక్క చిత్రమైనా లేకుండా ఆయన జనాన్ని మన కళ్ళకు కట్టించాడు. చిత్రాలన్నీ చేతిలో ఉన్న మనం ఆ జనాన్ని విడిచిపెట్టడం తగునా?

మా విద్యార్థులు తమ పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుండి తయారుచేశారు. రామప్పకు ఈసారి రెండు పుటలే దక్కాయి. బమ్మెరకు ఒక పుట వచ్చింది. దానిని రాసింది పాలకుర్తి విద్యార్థే. తన తాతగారిని వెంటబెట్టుకొని ఆ ఊరు వెళ్ళాడట. పుట చివర ఒక బావి బొమ్మ వేశాడు. బొమ్మ అంత బాగా కుదరలేదు. కానీ దాని కింద రాసిన వాక్యాలు చదివాక, పక్కన కూర్చున్న మరో విద్యార్థి "ఈ ఆదివారం మనమూ వెళ్దామా?" అని అడిగాడు. యాత్రాదర్శిని చేయవలసిన పని అదే. మీ ఊరికి అలాంటి పుట ఒకటి ఇంకా ఎవరూ రాసి ఉండకపోవచ్చు. దానిని రాయవలసినవారు మీరే.