ఇంటి అరుగే బడి అయిన రోజులు

కరోనా కారణంగా 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. లెక్కలు, సైన్సు టీవీలో చెప్పవచ్చు. కానీ బొమ్మ గీసే పిల్లవాడి చేయి పట్టుకుని దిద్దేదెవరు? పైగా లాక్‌డౌన్‌లో రంగులు కొనేదెక్కడ?

అయితే, నిజామాబాద్ జిల్లా ముప్కాల్ లాంటి పసుపు పండే ఊళ్లలో రంగుకు కరువేమిటి? పసుపును నీళ్లలో కలిపితే పచ్చని రంగు, అందులోనే చిటికెడు సున్నం వేస్తే ఎరుపు. పొయ్యిలోని బొగ్గు నలుపునిస్తుంది. అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద గోదావరి దాటితే నిర్మల్. అక్కడ పొనికి కర్రతో బొమ్మలు చేసే పనిని పిల్లలు తరతరాలుగా ఇంటి పెద్దల దగ్గరే నేర్చుకున్నారు.

కాబట్టి కొరత రంగులది కాదు, మన ఆలోచనది. 'చదువుకోమంటే బొమ్మలేస్తావా?' అని గద్దించని ఇల్లు ఎక్కడుంది? కానీ దేవుని లెక్క వేరు. అరణ్యంలో ప్రత్యక్ష గుడారం కట్టేందుకు ఆయన బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడు. అతను ప్రవక్త కాదు, రాజు కాదు, చేతిపనివాడు (నిర్గమ 31:1–5). అక్కడ కార్ఖానా లేదు, బజారూ లేదు. ప్రజలు ఇళ్లలోంచి తెచ్చిన వస్తువులే సామగ్రి. స్త్రీలు తమ చేతులతో వడికిన నూలే దేవుని మందిరానికి తెరలయింది (నిర్గమ 35:25, 26). ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మన తల్లుల వేళ్ల నేర్పు కూడా ఆయన దృష్టిలో చిన్నది కాదు. అంతేకాదు, ఇతరులకు నేర్పే మనసును కూడా దేవుడు బెసలేలుకిచ్చాడు (నిర్గమ 35:34). పిల్లవాడి పక్కన కూర్చునే తల్లిదండ్రులకు కావలసింది ఆ మనసే.

2021 సెప్టెంబరు 1న బడులు తెరుచుకున్నాయి. వెనకబడిన పాఠాల కోసం పరుగు మొదలైంది, ఇంట్లో వేసిన బొమ్మలు అటకెక్కాయి. కళలు చదువుకు అదనపు హంగు కాదని 2020 జాతీయ విద్యా విధానం చెప్పినా, మార్కుల తూకంలో వాటిది ఇంకా చివరి స్థానమే. కనీసం విశ్వాసుల ఇళ్లలో, సండే స్కూళ్లలో ఆ తూకం మారాలి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లల ముందు ఒక కాగితం పెట్టి, ఒక గంట వారి పక్కన కూర్చోండి. కాగితం మీది పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. పక్కన కూర్చుని మెచ్చుకున్న నాన్న మాట మాత్రం ఆ పిల్లవాడి గుండెలో ఎన్నటికీ వెలిసిపోదు.